మరొకరి ప్రసంగం

ఫిన్లే గొంతులో చిన్న కండ పెరిగిందని ఆ ఏడు ఫిబ్రవరి మొదట్లో తెలిసింది. కోసి తీసేశారు. మిగిలిందేమైనా ఉంటే మాడిపోవడానికి ఆరు వారాలు రేడియేషను, అదే కరెంటు, పెట్టాలన్నారు. ఈస్టరు దాకా నోరు విప్పకూడదు, గుసగుస అంతకన్నా చెడ్డది అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇరవై ఆరేళ్ళుగా మాట్లాడటమే పనిగా బతికినవాడు తల ఊపి ఊరుకున్నాడు. ఫిన్లే మా స్కార్‌నెస్ ఊరి చర్చికి పాస్టరు.

నేను పాస్టరు భార్యనే గానీ దేవుణ్ణి నమ్మినదాన్ని కాదు. పెళ్ళికి ముందే ఆ మాట చెప్పాను. నీతోపాటు వచ్చి కూర్చుంటాను, విశ్వాస ప్రమాణం మాత్రం పలకమనొద్దు అన్నాను. అతను ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా అడగలేదు. ప్రతి ఆదివారం చివరి బెంచీలో కూర్చునేదాన్ని, అందరూ లేచి ఆ మాటలు పలుకుతుంటే నేనూ లేచి కిటికీలోంచి సముద్రాన్ని చూసేదాన్ని. ఊళ్ళో అందరికీ తెలుసు. పాస్టరమ్మకు నమ్మకం లేకపోయినా సూపు మాత్రం బాగా కాస్తుందని నవ్వుకునేవాళ్ళు.

నా ఉద్యోగం రేవు ఆఫీసులో. పొద్దున్నే పడవలకు రేడియోలో వాతావరణం చదవడం నా పని. ఏ దిక్కు గాలి, ఎంత జోరు, అల ఎంత ఎత్తు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు.

ఆపరేషను అయిన వారానికి సంఘ పెద్దలిద్దరూ మా వంటింట్లో కూర్చున్నారు. నెట్టా డన్‌బార్ సంఘానికి కార్యదర్శి. ఊరి బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. వాటీ పర్విస్‌కు ఎనభై దాటాయి, ఒకప్పుడు రెండు పడవల యజమాని. ఫిన్లే మెడకు మఫ్లరు చుట్టుకుని, ముందు నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు.

సంగతేమిటంటే, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం దగ్గరపడింది. పక్క ఊళ్ళ పాస్టర్లు ఒక్కొక్కరు నాలుగు చర్చీలు చూసుకుంటున్నారు. రిటైరైన ముసలాయన తుంటి విరిగి మంచంలో ఉన్నాడు. జిల్లా సంఘం వాళ్ళు ఉత్తరం రాశారు, పట్నంలో పెద్ద చర్చి ఆరాధనను మీరు తెర మీద చూసుకోవచ్చు అని. అలా తెర పెట్టుకున్న చర్చీల్లో మళ్ళీ తలుపులు తెరిచినవి లేవని అందరికీ తెలుసు.

"తెర మీద చూడాలంటే మా ఇంట్లో టీవీ ఉంది. కుర్చీ కూడా మెత్తగా ఉంటుంది" అన్నాడు వాటీ.

ఫిన్లే ప్రసంగం రాస్తే తాను చదువుతానంది నెట్టా. వాటీ టీకప్పు కింద పెట్టాడు.

"నువ్వు చదివితే నెట్టా, మా ముగ్గురు కొడుకులూ హోంవర్కు చెయ్యని రోజు గుర్తొస్తుంది. భయమేస్తుంది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఈ అమ్మాయి చదవొచ్చుగా. ఈమె చదివింది విని ఇరవై ఏళ్ళు సముద్రం మీదికి పోయాం. ఒక్కసారీ ముంచలేదు."

నేను స్టవ్ దగ్గర నిలబడి ఉన్నాను. నాకు నమ్మకం లేదని మీకు తెలుసు కదా వాటీ, అన్నాను.

"పెనుగాలి వస్తుందని చదివినప్పుడు నువ్వు దాన్ని చూశావా? కాగితంలో ఉన్నది చదివావు. మేం ఒడ్డుకు చేరాం."

నెట్టాకు ఇది నచ్చలేదు. నమ్మని మనిషి నోటి నుంచి వచ్చిన మాట దేవుని మాట ఎలా అవుతుందని ఫిన్లేనే అడిగింది. ఫిన్లే చాలాసేపు రాశాడు. పూర్వం సంఘంలో దీని గురించే తరాల తరబడి తగాదా పడ్డారట. హింసలకు భయపడి దేవుణ్ణి కాదన్న గురువులు ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా చెల్లదా అని. చివరికి చెల్లుతుందనే తేల్చారు. ఇచ్చేది దేవుడు, మోసుకొచ్చేవాడు ఎలాంటివాడైనా ఇచ్చింది పాడవదు అన్నారు. నెట్టా రెండుసార్లు చదివి పుస్తకం వెనక్కి జరిపింది. అయితే సరే, ఆశీర్వాదం మాత్రం నేనే పలుకుతాను అంది.

ఫిన్లే నా వైపు చూడలేదు. అతను నన్ను అడిగి ఉంటే కాదనేదాన్ని. అడగలేదు కాబట్టి చదువుతానన్నాను.

మొదటి ఆదివారం పదకొండు మంది వచ్చారు, ఎప్పుడూ వచ్చేవాళ్ళే. ప్రసంగ వేదిక మెట్లు ఐదు. ఆ ఎత్తు నుంచి చూస్తే ఖాళీ బెంచీలే ఎక్కువ కనిపిస్తాయి. ఇన్నేళ్ళూ ఫిన్లే కంటికి ఆనింది ఇదన్నమాట అనుకున్నాను. వాతావరణం చదివినట్టే చదివాను, ఒకే శ్రుతిలో, మాటకూ మాటకూ మధ్య సమానమైన విరామంతో. పద్నాలుగు నిమిషాల్లో అయిపోయింది. తలుపు దగ్గర వాటీ చేయి కలిపి, స్పష్టంగా వినిపించింది అమ్మాయీ, మీ ఆయనైతే వాక్యం చివర మింగేస్తాడు అన్నాడు. పక్కన ఫిన్లే భుజాలు కదిలేలా నవ్వాడు. ఆ నవ్వుకు చప్పుడు లేదు.

ఇల్లు మూగబోయింది. శనివారం సాయంత్రాల్లో అతను వెనక గదిలో ప్రసంగం పైకి చదువుకునేవాడు. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ వినేదాన్ని. మాటలు వినేదాన్ని కాదు. గొంతు వినేదాన్ని, పైకి లేవడం, దిగడం, ఒక చోట ఆగి మళ్ళీ మొదలవడం. ఆ గొంతు ఇంట్లో ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఇప్పుడు కుళాయి కట్టేస్తే గోడ గడియారం వినిపిస్తోంది. మనిషి ఎదురుగానే ఉన్నాడు, నాతో అన్నం తింటున్నాడు, రోజూ వ్యానులో అబర్డీన్ ఆసుపత్రికి పోయి కరెంటు పెట్టించుకుని వస్తున్నాడు. అయినా అతని కోసం బెంగ పెట్టుకున్నాను. ఆ గొంతు తిరిగి రాకపోవచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

మూడో వారం అనుకుంటా, మేమిద్దరం పోట్లాడుకున్నాం. ప్రసంగాన్ని శనివారమే ఒకసారి చదువుకునే అలవాటు చేసుకున్నాను. ఆ వారం కాగితాల్లో కృప అనే మాట తొమ్మిది సార్లు వచ్చింది. దీని అర్థమేమిటి అని అడిగాను. అర్హత లేనివాడికి దొరికే దయ, అని రాశాడు.

"అది నిఘంటువులో ఉండేది. ఆ మాట వాడకుండా చెప్పు."

ఇంకోలా రాశాడు. అదీ నాకు ఎక్కలేదు. హార్బరులో వల బాగుచేసుకునే కుర్రాళ్ళకు ఈ మాట చెప్తే వాళ్ళకు ఏం తెలుస్తుంది, నీ పదకొండు మందికైనా తెలుసా లేక అలవాటు మీద తలూపుతున్నారా అన్నాను. అతను మూడోసారి రాయబోయి కలం బల్ల మీద కొట్టాడు. నోరు తెరిచాడు కూడా. అతని పెదవుల మీద వేలు పెట్టి ఆపాను. కోటు తగిలించుకుని వెళ్ళిపోయాడు. జెట్టీ చివర వర్షంలో ఒక గంట నిలబడి ఉన్నాడని తర్వాత ఎవరో చెప్పారు.

మర్నాడు పొద్దున బల్ల మీద కొత్త కాగితాలున్నాయి. ఆసుపత్రిలో కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా ముఖానికి ఒక తొడుగు బిగిస్తారట. బిగించే ముందు ఒక అమ్మాయి రెండు వేళ్ళతో అతని గడ్డం పట్టుకుని సరిచేస్తుందట. ఆ పిల్లకు ఇతనెవరో తెలియదు, పాస్టరని తెలియదు. రోజుకు ముప్ఫై గడ్డాలు సరిచేస్తుంది. అయినా ప్రతిసారీ, చేతులు చల్లగా ఉన్నాయి, ఏమనుకోకండి అంటుంది. అప్పుడు తనకు ఏడుపొస్తుందని, ఎందుకో తెలియదని రాశాడు. అంతే ప్రసంగం. కృప అనే మాట అందులో ఒక్కసారీ లేదు.

చర్చిలో అది చదువుతూ ఒక చోట ఆగాల్సి వచ్చింది. రేడియోలో నేనెప్పుడూ ఆగలేదు.

ఆ తర్వాత ఏమైందో గానీ జనం కొద్దిగా పెరిగారు. పడవల మీద పనిచేసే ఇద్దరు వచ్చి వెనక నిలబడ్డారు. వాతావరణం ఆవిడ చర్చిలో ఏం చదువుతోందో విందామని పందెం వేసుకుని వచ్చారట. పందెం అయిపోయాక కూడా వచ్చారు. నాలుగో ఆదివారానికి పదహారు మంది అయ్యారు.

ఆ వారమే జిల్లా సంఘం నుంచి కార్మైకేల్ అనే ఆయన వచ్చాడు. చిన్నవాడే, మర్యాదస్తుడు. మా వంటింట్లో బార్లీ సూపు తాగుతూ, పదహారు మంది మంచి సంగతేగానీ చర్చి కప్పు కారుతోందని, మా భవనం వదిలించుకోవాల్సిన వాటి జాబితాలో ఉందని మెల్లిగా చెప్పాడు. ఈ కాలపు జనానికి దేవుడి దాహం పోలేదని, అది దాహమని మాత్రం మరిచిపోయారని, గుర్తుచేయడమే మన పని అని కూడా అన్నాడు. ఎక్కడో సభలో చెప్పి చెప్పి నలిగిన మాటలా ఉంది.

"దాహమేసినవాడికి దాహమని చెప్పక్కర్లేదు. నీళ్ళు చూపించాలి. అవి మీ దగ్గర ఉన్నాయా?" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. దెప్పాలని అనలేదు, నిజంగానే అడిగాను. ఫిన్లే ఏదైనా రాస్తాడని చూశాను. అతను చెంచా పక్కన పెట్టి కిటికీ వైపు చూస్తున్నాడు.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం, దానికి ముందురోజు ఒక పడవ ఇంజను ఆగిపోయి, ఐదుగురు మనుషులతో గాలికి కొట్టుకుపోతూ ఉంది. సాయంత్రం దాకా రేడియో దగ్గరే ఉన్నాను. లైఫ్‌బోటు వాళ్ళు దాన్ని ఈడ్చుకొచ్చాక ఇంటికి వచ్చి పడుకున్నాను. ప్రసంగం బల్ల మీద ఉంది. ఫిన్లే దాన్ని చూపించి, చదువు అన్నట్టు సైగ చేశాడు. పొద్దున చూస్తాలే అన్నాను. పొద్దున లేవడమే ఆలస్యమైంది. కాగితాలు మడిచి కోటు జేబులో పెట్టుకుని నడిచాను. దారిలో ఫిన్లే రెండుసార్లు నా మోచేయి పట్టుకున్నాడు. చలికి అనుకున్నాను.

మొదటి రెండు పేజీలూ ప్రభువు గాడిద మీద ఊళ్ళోకి వచ్చిన ఆనాటి ఊరేగింపు గురించి. జనం దారిలో బట్టలు పరిచి కేకలు వేస్తుంటే, వచ్చినాయన మాత్రం ఊరిని చూసి ఏడ్చాడు. ఆయనకు కావాల్సింది ఆ కేకల్లో లేదు. మూడో పేజీ తిప్పాను.

"ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి" అని చదివాను. "చాలా ఏళ్ళుగా నేనొక తలుపు ముందు నిలబడి ఉన్నాను. లోపల ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. పిలిస్తే పలికినట్టు ఎప్పుడూ అనిపించలేదు. పోదామని తిరిగిన ప్రతిసారీ కాళ్ళు రాలేదు. పలికేవాళ్ళు ఉంటే బాగుండునని నాకు ఎంత ఉందో నేనెవరితోనూ అనలేదు. నా ఇంట్లో మనిషితో కూడా అనలేదు."

అక్కడికి వచ్చేసరికి తర్వాతి వాక్యం కంటబడింది. పద్నాలుగేళ్ళుగా పరిస్థితి ఇదేనని, అయినా నమ్మకం ఉన్నట్టే ఈ వేదిక మీది నుంచి మీకు ప్రసంగిస్తూ వచ్చానని, నన్ను క్షమించమని రాశాడు.

తల ఎత్తాను. నెట్టా మొదటి బెంచీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనక, నేనెప్పుడూ కూర్చునే చోట, ఫిన్లే ఉన్నాడు. అతను నన్నే చూస్తున్నాడు. మఫ్లరు పైన ఆ ముఖం తెల్లగా పాలిపోయింది.

ఆ వాక్యం చదవలేదు. పేజీ మడిచి, ఆమెన్ అన్నాను. అంతకుముందు నేనెప్పుడూ ఆ మాట పైకి అనలేదు.

నెట్టా లేచి ఆశీర్వాదం పలికింది. తలుపు దగ్గర వాటీ నా చేయి పట్టుకుని వదల్లేదు. వెనకవాళ్ళు ఆగి నిలబడ్డారు.

"జీనీ పోయి ఆరేళ్ళు" అన్నాడు. జీనీ ఆయన భార్య. "అప్పటి నుంచి నాకూ అంతే. నాకొక్కడికే అనుకున్నాను. నువ్వు ధైర్యం చేసి చెప్పావు అమ్మాయీ."

నమ్మనిదాన్ని కాబట్టి ఆ పేజీ నా సొంత మాటలే అనుకున్నాడు. నాది కాదు, మా ఆయన రాసింది అని చెప్పి ఉండొచ్చు. ఫిన్లే పక్కనే ఉన్నాడు. నేను చెప్పలేదు.

ఇంటికి వచ్చి కోట్లు కూడా విప్పకుండా బల్ల దగ్గర కూర్చున్నాం. అతను నోటుపుస్తకం లాక్కుని, ఒక వాక్యం వదిలేశావు అని రాశాడు.

"అవును."

ఎందుకు, అని రాశాడు.

"అది ఒక్కటి నీది. మిగతాదంతా నాది కూడా."

ఆ మాట నోటి నుంచి వచ్చేదాకా నాకే తెలియదు. కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ గడిపిన ఆ ఆదివారాలన్నీ నేనూ ఏదో ఒకటి వినబడుతుందేమోననే నిలబడ్డాను. నమ్మనిదాన్ని అని పేరు పెట్టుకున్నాను కాబట్టి దాని గురించి ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

నాతో ఎందుకు చెప్పలేదు అన్నాను. అతను రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. నువ్వు నమ్మకం ఉన్నవాణ్ణి చేసుకున్నావు, అదీ లేదంటే నీకు మిగిలేదేమిటి అనిపించింది, శనివారం చదివి నువ్వే కొట్టేస్తావనుకున్నాను, అని ఉంది అందులో. దాని కింద, పద్నాలుగేళ్ళు నీ ముందు కూడా నటించాను, అని.

నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. లేచి వెళ్ళి గిన్నెలు కడిగాను, కడిగినవే మళ్ళీ కడిగాను. మనం ఒకే గుమ్మం ముందు ఇన్నేళ్ళూ ఒకరికొకరం తెలియకుండా నిలబడ్డాం కదా మూర్ఖుడా, అని అరవాలనిపించింది. అరిస్తే అతను జవాబు చెప్పలేడు. అందుకని అరవలేదు. కాసేపటికి అతను వచ్చి తుండుగుడ్డ తీసుకుని, నేను కడిగిన పళ్ళేలు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు.

బుధవారం మధ్యాహ్నం వాటీ వచ్చాడు. ఫిన్లే కోసం కాదు, నా కోసం. ఆ రోజు జీనీ పోయిన రోజు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, ప్రార్థన చెయ్యి అమ్మాయీ అన్నాడు. నాకు రాదన్నాను. ప్రార్థన వచ్చినవాళ్ళ దగ్గరికి రాలేదు నేను, అన్నాడు ఆయన.

ఫిన్లే వైపు చూశాను. అతను నోటుపుస్తకం అందుకుంటాడనుకున్నాను, అందుకోలేదు. వాటీ చేయి తీసుకున్నాను. పొలుసులూ ఉప్పూ తిన్న గరుకు చేయి. ఎవరికి చెప్తున్నానో తెలియకుండానే చెప్పాను.

"ఇక్కడ వాటీ ఉన్నాడు. జీనీ లేదు. ఇతను ఎదురుచూస్తున్నాడు."

వాటీ ఆమెన్ అని, జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు. టీ తాగి, ఓట్స్ రొట్టెలు గట్టిగా వచ్చాయని వంక పెట్టి వెళ్ళాడు.

ఈస్టరు నాడు ఫిన్లేకు రెండు నిమిషాలు మాట్లాడటానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. ఆ రెండు నిమిషాలూ నేను వదిలేసిన వాక్యానికే ఖర్చుపెట్టాడు. అది అతని పాత గొంతు కాదు. కంకర మీద పడవ ఈడ్చినట్టు ఉంది. మొన్న విన్న మాటలు కూడా తనవేనని, వాటిని మోసింది మాత్రం ఊనా అని నా పేరు చెప్పి ఆగాడు. వాటీ వెనక్కి తిరిగి నన్ను చూసి, మీ ఇద్దరిదీ అదేనా, అన్నాడు పైకే. నేను తలూపాను. నెట్టా మాత్రం ఆరాధన అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. పద్నాలుగేళ్ళు తనను మోసం చేశాడని ఊళ్ళో అంది. ఏప్రిల్ అంతా రాలేదు. మే నెలలో ఒక ఆదివారం వచ్చి తన బెంచీలో కూర్చుని, పాటలు మరీ నెమ్మదిగా పాడుతున్నారని విసుక్కుంది. క్షమించానని ఎప్పుడూ చెప్పలేదు. ఆశీర్వాదం మళ్ళీ తనే పలుకుతోంది.

సెప్టెంబరులో చర్చి మూసేశారు. కార్మైకేల్ స్వయంగా వచ్చి తాళం తీసుకున్నాడు. ఆయనకీ కష్టంగానే ఉన్నట్టుంది, వాటీతో చాలాసేపు కూర్చున్నాడు. ఇప్పుడు మేం పడవ పందేలవాళ్ళ షెడ్డులో కూడుకుంటున్నాం. మడత కుర్చీలు, తారు వాసన. ఫిన్లే గొంతు మూడో వంతు వచ్చింది. ఆ షెడ్డుకు అది చాలు. తెలియనివి తెలియవని చెప్పి ప్రసంగిస్తున్నాడు. కొందరికి అది నచ్చక పట్నం చర్చికి వెళ్తున్నారు, మరికొందరు కొత్తగా వస్తున్నారు.

ప్రార్థన నన్ను చెయ్యమన్నారు. ఇప్పుడు నమ్ముతున్నావా అని అడిగేవాళ్ళకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. మడత కుర్చీల మధ్య లేచి నిలబడతాను. ఆ వారం మంచంలో ఉన్నవాళ్ళ పేర్లు, సముద్రం మీద ఉన్నవాళ్ళ పేర్లు చదువుతాను. చదివాక కాసేపు ఊరుకుంటాను. అలవాటు లేనివాళ్ళు మొదట్లో నేను మరిచిపోయానేమోనని కళ్ళు తెరిచి చూసేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ కళ్ళు తెరవరు. షెడ్డు రేకుల మీద గాలి వినిపిస్తుంది. పక్కన ఫిన్లే ఊపిరి వినిపిస్తుంది. ఇంకేమైనా వినిపిస్తుందేమోనని అందరం ఆగుతాం.